బ్లాగు రాసినందుకు వచ్చిన మెమో

నా సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమోలు రెండే. మొదటిది సబ్‌స్టేషన్ ఆవరణలో మేకలు మేస్తున్నందుకు. ఆ మేకలు నావి కావు. రెండోది బ్లాగు రాసినందుకు. ఆ బ్లాగు మాత్రం నాదే.

కరెంటు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పమంటారు. తుఫాను రాత్రి స్తంభం ఎక్కిన కథ చెప్తానని ఎదురు చూస్తారు. తుఫానులు నేనూ చూశాను. కానీ ఆ కథలు ఈ తీరంలో పనిచేసిన ప్రతి లైన్‌మన్ దగ్గరా నాకంటే మంచివి ఉంటాయి. బ్లాగు రాసి సంజాయిషీ ఇచ్చుకున్న షిఫ్టు ఆపరేటరు మాత్రం జిల్లాలో నేనొక్కడినే అని నా నమ్మకం. ఆ ఘనత వదులుకోవడం ఇష్టం లేక ఇది చెప్తున్నాను.

మాది మైపాడు రోడ్డులో, సముద్రానికి కాస్త ఇవతల ఉన్న చిన్న సబ్‌స్టేషన్. ఒకవైపు వరి మళ్ళు, ఇంకోవైపు కనుచూపు మేర రొయ్యల గుంటలు. షిఫ్టులో ఒక్కడే ఉండాలి. గంట గంటకూ మీటర్లు చూసి లాగ్ షీటులో రాయాలి. పైనుంచి ఫోన్ వస్తే ఫలానా ఊళ్ళకు పోయే లైను ఆపాలి, మళ్ళీ ఫోన్ వస్తే ఇవ్వాలి. ఆ లైన్లనే మేం ఫీడర్లు అంటాం. మిగతా సమయమంతా ట్రాన్స్‌ఫార్మరు హోరు వింటూ కూర్చోవడమే. నా తర్వాతి షిఫ్టుకు వచ్చే మిత్రుడు ఆ సమయాన్ని నిద్రకు కేటాయించాడు. నేను ఆలోచనలకు కేటాయించాను. ఇద్దరిలో ఎవరు తెలివైనవాడో మీరే చివరికి తేల్చుకోండి.

మా అమ్మాయి అప్పుడు నెల్లూరులో డిగ్రీ చదువుతూ ఉండేది. తన పాత లాప్‌టాప్ నాకిచ్చి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు ఎలా పడుతుందో చూపించింది. మొదటిసారి నా పేరు కొడితే ఇంకెవరి పేరో పడింది.

"నాన్నా, బ్లాగు తెరిస్తే నీ మనసులో అనుకునేవన్నీ అందులో రాసుకోవచ్చు. ప్రపంచంలో ఎవరైనా చదువుతారు" అంది.

ప్రపంచంలో ఎవరైనా! ఆ మాట నా నెత్తికెక్కి కూర్చుంది. ఇంట్లో ఎవరూ వినని మాటలు ప్రపంచం వింటుందంటే ఏ మగాడికి ఆశ పుట్టదు? ఆ వారంలోనే బ్లాగు తెరిచాను. దానికి పెట్టిన పేరు ఇప్పుడు చెప్పాలంటే సిగ్గు. సముద్రమూ అంతరంగమూ రెండూ ఆ పేరులో ఉన్నాయని మాత్రం ఒప్పుకుంటాను. మొదటి వ్యాసం మౌనం గురించి. అయిదు పేజీలు.

మర్నాడు చూస్తే, చదివినవాళ్ళు పదకొండు మంది అని పడింది. పదకొండు మంది! షిఫ్టు మారేటప్పుడు మిత్రుడికి చూపించాను. అతను లాప్‌టాప్ వంక, నా వంక చూసి అన్నాడు.

"అన్నా, పొద్దున్నుంచి నువ్వు దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసుంటావు?"

నేను లెక్క వేసుకున్నాను. ఆ తర్వాత ఆ విషయం మేం మాట్లాడుకోలేదు.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. కెరటాల మీద రాశాను. ఒంటరి కొంగ మీద, పాత చెప్పుల మీద రాశాను. ఒకరోజు, మౌనం మీద రాసిన ఆ మొదటి వ్యాసం కింద ఎవరో వ్యాఖ్య పెట్టారు. నాలుగు అడుగులు నడిచొచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివాను.

"సార్, మీరు కరెంటు డిపార్టుమెంటు అని రాసుండారు. రేపు మైపాడు ఫీడరు ఎప్పుడు తీస్తారు?"

అవి కరెంటు కోతలు విపరీతంగా ఉన్న రోజులు. వేళలు వారానికోసారి మారేవి. పేపర్లో వచ్చే వేళ ఒకటి, కరెంటు పోయే వేళ ఒకటి. మాకు మాత్రం ముందురోజు సాయంత్రానికే ఫోన్లో ఖాయంగా తెలిసేది. మౌనం గురించి ఒక్క మాటైనా అనలేదే అని కాస్త మనసు చివుక్కుమన్నా, నాకంటూ దొరికిన మొదటి పాఠకుడిని నిరాశపరచలేక జవాబు రాశాను. తర్వాతి వ్యాసం చివర కూడా మర్యాదకు ఒక వాక్యం చేర్చాను. రేపు కోత ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా అని. అక్కడి నుంచి అది అలవాటైపోయింది. పైన నా ఆలోచనలు, అడుగున కరెంటు వేళలు.

ఆ తర్వాత జరిగిన వింత ఏమిటంటే, పాఠకులు పెరిగారు. పదులు దాటి వందల్లోకి వెళ్ళారు. కోవూరు నుంచి, వెంకటాచలం నుంచి కూడా చూస్తున్నారని మా అమ్మాయి చెప్పింది. నాకు అనుమానమే రాలేదు. ఇంతకాలం తెలుగు జాతి నా కోసమే ఎదురు చూస్తోందనీ, ఆలస్యం నాదేననీ అనుకున్నాను. లాల్చీ కుట్టించుకున్నాను. మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగి కిటికీలోంచి దూరంగా చూడటం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒకటి రెండుసార్లు నాతోపాటు కిటికీలోంచి చూసి, అక్కడ ఏమీ కనపడక తన పనిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు వచ్చింది సన్మానం. తీరం వెంబడి రొయ్యల రైతులంతా ఒక ఆదివారం సమావేశం పెట్టుకుంటున్నారట, బ్లాగు సార్‌ని పిలవాలనుకున్నారట. ఒక రైతు స్వయంగా సబ్‌స్టేషన్‌కి వచ్చి పిలిచాడు. మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో అతనికి రెండు గుంటలున్నాయి. నలభై ఏళ్ళ మనిషి. ఎండకు నల్లబడిన మొహం, ఎప్పుడూ తడిగా ఉండే లుంగీ అంచు. మౌనం వ్యాసం కింద వ్యాఖ్య పెట్టింది తానేనని చెప్పాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, "నా మొదటి పాఠకుడివి తమ్ముడూ" అన్నాను. అతను కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. ఆ ఇబ్బంది వినయమనుకున్నాను.

ఆదివారం లాల్చీ వేసుకుని, మానవ జీవితంలో రచన స్థానం గురించి పది పేజీల ఉపన్యాసం జేబులో పెట్టుకుని వెళ్ళాను. శాలువా కప్పారు. నన్ను సభకు పరిచయం చేయడానికి ఆ రైతే మైకు అందుకున్నాడు.

"ఈ సార్ రోజూ కరెంటు టైము పెడతాడు. పేపరోళ్ళు తప్పు చెప్పినా సార్ తప్పు చెప్పడు. చూసేది ఎట్టాగంటే, పైన ఏందేందో రాసుంటాడు, దానితో మనకి పని లేదు. కిందకి జరుపుకుంటా జరుపుకుంటా పోతే అడుగున ఉంటాది."

జనం తలలూపారు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాడికి ఫోన్లో వేలు పెట్టి జరిపి చూపించాడు కూడా. నా వ్యాసాలన్నీ ఆ వేలి కింద సర్రున జారిపోవడం వేదిక మీద నుంచి నాకు కనిపించింది.

మైకు నా చేతికిచ్చారు. జేబులోని పది పేజీలు బయటికి తీయలేదు. మర్నాటి కోత వేళలు చెప్పి కూర్చున్నాను. నా జీవితంలో అన్ని చప్పట్లు మళ్ళీ వినలేదు.

ఇంటికొచ్చాక బుద్ధిమంతుడైతే నవ్వుకుని ఊరుకునేవాడు. నేను పగబట్టాను. నా ఆలోచనలు చదవకుండా నా కరెంటు మాత్రం కావాలా మీకు అనుకున్నాను. మర్నాటి నుంచి అడుగున వేళలు పెట్టడం మానేశాను. వ్యాసం మధ్యలో, ఏదో ఒక వాక్యంలో కలిపేయడం మొదలుపెట్టాను. వేళ కావాలంటే మొదటి నుంచి చదవాల్సిందే. కొద్దిరోజులు బాగానే సాగింది. "సార్, ఇయ్యాల యాడ పెట్టినారు? మూడుసార్లు ఎతికినా కనపళ్ళా" అని వ్యాఖ్యలు వచ్చేవి. నేను వాటిని సాహిత్య చర్చగా భావించి, శ్రద్ధగా చదవమని జవాబిచ్చేవాడిని. రానురాను నా నేర్పు ముదిరింది. ఏది కరెంటో ఏది కవిత్వమో విడదీయడానికి వీల్లేకుండా రాయడమే గొప్ప అనిపించసాగింది.

చలికాలం మొదట్లో ముసురు పట్టిన ఒక ఉదయం. నేను డ్యూటీలో ఉన్నాను. ఆరింటికి ఫోన్ వచ్చింది, ముందే అనుకున్నట్టు మా ఫీడరు ఆపేశాను. కాసేపటికి మోటారు సైకిలు గేటుకు గుద్దుకున్నంత పని చేసి ఆగింది. ఆ రైతు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంది సామీ ఇది? కరెంటు తీసేసినారేంది?"

"కోత గదా తమ్ముడూ. పది దాకా రాదు."

"చెప్పలేదే!"

"రాశానే."

"యాడ రాసినావు సార్? నాలుగుసార్లు చదివినా నేను. కోత ల్యాదనుకోని, జనరేటరు నిన్ననే నెల్లూరికి రిపేరుకి పంపించినా. చక్రాలన్నీ ఆగిపొయ్యినాయి. రొయ్యలు తేలతుండాయి సార్!"

మీలో తీరం ఎరగని వాళ్ళ కోసం ఒక్క మాట. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలుంటాయి. కరెంటుతో తిరుగుతాయి. అవి ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఎండ లేని ముసురు రోజున ఇంకా తొందరగా తగ్గుతుంది. రొయ్యలు ఊపిరాడక పైకి వచ్చి మూతులు బయటపెడతాయి. ఆ తర్వాత ఎంతో సేపు బతకవు.

నేను లాప్‌టాప్ తెరిచి, నేను రాసిందే అతనికి చదివి వినిపించాను. నిజంగా. ఆ క్షణంలో కూడా నాకు నా నిర్దోషిత్వమే ముఖ్యమనిపించింది. వ్యాసం మేఘాల గురించి. మూడో పేరాలో ఉంది ఆ వాక్యం: "ఉదయం ఆరు నుంచి పది దాకా చీకటి కమ్మే రోజులు ప్రతి జీవితంలోనూ వస్తాయి. రేపు మనకూ అలాంటి రోజే."

రైతు నా మొహంలోకి చూశాడు.

"ఇది కరెంటా?"

నేను తలూపాను.

"పాపం, సార్ ఇంట్లో ఏదో బాధ వచ్చినట్టుండాది అనుకున్నా. మా ఇంట్లోదానికి కూడా చెప్పినా. ఇది కరెంటని నాకెట్టా తెలుస్తాది సార్?"

అతను అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాడిని. నేను రాసిన వాక్యాన్ని ఒకరు అంత నమ్మకంగా చదవడం అదే మొదటిసారి. నా మీద జాలి కూడా పడ్డాడు. దాని ఫలితం గుంటలో తేలుతోంది.

మా సెక్షన్ ఇంజనీరు, ఏ.ఇ. మేడమ్‌కి ఫోన్ చేశాను. చిన్న వయసు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళే, కానీ మాట సూటిగా ఉండేది. ఫీడరు ఒక్క అరగంట ఇవ్వడానికి వీలవుతుందేమో అడిగాను. కనుక్కుని మళ్ళీ చేస్తానంది. కాసేపటికి చేసి, వీల్లేదంది. పైనుంచే కరెంటు రావడం లేదట. "మీరు సొంతంగా మాత్రం లైను కలిపే బ్రేకరు ముట్టుకోకండి. లైన్ల మీద ఎవరు పని చేస్తున్నారో మనకి తెలీదు" అంది. ఆమె చెప్పింది నిజం.

రైతు అప్పటికే తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాడు. అతనికి తెలిసినవాళ్ళందరూ అదే ఫీడరు మీదున్నవాళ్ళే. వాళ్ళ జనరేటర్లు వాళ్ళ గుంటల మీదే తిరుగుతున్నాయి. కరెంటు ఉన్న ఊళ్ళలో ఎవరి జనరేటరైనా ఖాళీగా ఉంటుంది, కానీ వాళ్ళెవరో అతనికి తెలియదు. నాకూ తెలియదు. వాళ్ళు రోజూ నా బ్లాగు కిందకి జరుపుకుంటూ వెళ్ళేవాళ్ళని మాత్రం తెలుసు.

"తమ్ముడూ, ఇందులో రాద్దాం" అన్నాను.

కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను. మీరు నమ్మకపోయినా ఇది జరిగింది. నా వేళ్ళు వాటంతటవే కొట్టిన మొదటి మాటలు ఇవి: "ఆకాశమంతా పరుచుకున్న నల్లని మేఘాల సాక్షిగా..."

రైతు నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు.

"మళ్ళా మేఘాలా! సార్, నీకు దండం పెడతా, మేఘాలు తీసెయ్! జనరేటరు అని కొట్టు! జనరేటరు!"

తీసేశాను. అతను చెప్పాడు, నేను కొట్టాను. జనరేటరు కావాలి, రొయ్యలు చస్తున్నాయి, ఫలానా చోట, ఈ నంబరుకి ఫోన్ చేయండి. తొందరలో 'జనరేతరు' అని పడింది. దిద్దబోతుంటే, "ఉండనీ సార్, అర్థమవతాది" అన్నాడు. మొత్తం మూడు వరసలు. నేను రాసినవాటిలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా అందరూ చదివింది అదొక్కటే.

మొదటి ఫోన్ వచ్చింది. రైతు ఆత్రంగా ఎత్తాడు. అవతలివాడు రేపు కూడా ఇదే టైమా అని అడిగాడు. రైతు తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. తర్వాత మరో రెండు. సానుభూతి తప్ప సాయం చేయగలిగినవాళ్ళు కారు. ఆ తర్వాత ఒకాయన చేశాడు. పక్క ఫీడరు మీదున్న ఊరు, అక్కడ కోత మధ్యాహ్నం. తన జనరేటరు ట్రాక్టరుకు తగిలించి ఉందని, దారి చెప్పమని అడిగాడు. రైతు దారి చెప్తూనే బండి ఎక్కాడు.

నేను షిఫ్టు వదిలి కదలడానికి లేదు. గేటు దగ్గర నిలబడ్డాను. కొంతసేపటికి ట్రాక్టరు వెళ్ళింది. నడుపుతున్న మనిషిని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. గేటు దగ్గర నన్ను చూసి, "కరెంటు సారేనా?" అని అరిచి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. లోపలికి వచ్చి మీటర్లు చూసి లాగ్ షీటు రాశాను. ఏం రాశానో గుర్తు లేదు.

మిత్రుడు డ్యూటీకి రాగానే గుంటల దగ్గరికి వెళ్ళాను. చక్రాలు తిరుగుతున్నాయి. కరెంటు కూడా అప్పటికి వచ్చేసింది. ఒక గుంట నిలబడింది. రెండోదానిలో కూలీలు వలలు పెట్టి పోయినవాటిని తోడి గట్టు మీద పోస్తున్నారు. సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిని అదే రోజు పట్టి అమ్మేయాలట, ఇంకా పెరగాల్సిన సైజులో. రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు అక్కడికి వచ్చేసరికి మేఘాల వ్యాసంలాగే వినిపించాయి. వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. అతని భార్య వచ్చి నా చేతికి టీ గ్లాసు ఇచ్చి, "ఇంట్లో అంతా బాగుండారా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు తెలుసు.

నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఎవరో నా వ్యాసాన్ని ప్రింటు తీసి డివిజన్ ఆఫీసులో ఇచ్చారట. శాఖకు సంబంధించిన సమాచారాన్ని అనుమతి లేకుండా, పైగా అర్థం కాని భాషలో, బయటపెట్టినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమన్నారు. దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: సదరు ఉద్యోగి ఏ కారణం చేత ఈ బ్లాగు నిర్వహిస్తున్నాడో తెలపవలెను.

మొదటిదానికి జవాబు తేలికే. రెండోది నన్ను పట్టుకుంది. మేకలు ఎందుకు మేస్తున్నాయని అడిగితే గేటు విరిగిందని చెప్పొచ్చు. నువ్వు ఎందుకు రాస్తున్నావని అడిగితే ఏం చెప్పాలి? మొదటి చిత్తులో భాషాసేవ అని రాశాను. చదివితే నాకే నవ్వొచ్చింది. రెండో చిత్తులో ప్రజాసేవ అని రాశాను. రెండో గుంట గుర్తొచ్చి చించేశాను.

మిత్రుడిని అడిగాను.

"పొగుడుతారని అన్నా. నీకు పొగడ్త పిచ్చి. అందరికీ ఉంటాది, నీకు కొంచెం ఎక్కువ" అన్నాడు, దిండు సర్దుకుంటూ.

అది నిజమే కానీ ఒక్క పొగడ్తా రాని తొలి వారాల్లో కూడా నేను రాశాను కదా. మా ఆవిడని అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నాకు చెప్పలేనివి ఏవో ఉంటాయి గదా మీకు. అవి యాడో ఒక చోట పెట్టాల. నేనైతే అవతలింటామెకు చెప్పుకుంటా. మీకు అవతలింటామె లేదు."

అంతసేపూ నేను ఆమె ఏమీ పట్టించుకోవడం లేదనుకున్నాను.

ఆ సాయంత్రం కూర్చుని సంజాయిషీ రాశాను. అందులో కొన్ని మాటలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి: "అయ్యా, నేను రోజుకు ఎనిమిది గంటలు ఒక్కడినే కూర్చుంటాను. ఆ గంటల్లో ఏవేవో ఆలోచనలు వస్తాయి. గొప్పవి కావు. పక్కన మనిషి ఉంటే చెప్పి మరిచిపోయేవాడిని. ఇంటికి వెళ్ళేసరికి అవి చెప్పదగ్గ సంగతుల్లా అనిపించవు. ఇందులో రాస్తే ఎక్కడో ఒకరు వింటున్నట్టు ఉంటుంది. ఆ ఒకరు ఎవరో తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నాను."

మిత్రుడు చదివి కాగితం నా చేతికి తిరిగిచ్చాడు.

"బాగుండాది. కానీ సంజాయిషీలో నిజం ఎవరన్నా రాస్తారా అన్నా? తెలియక చేసినా, క్షమించండి, మళ్ళా చెయ్యను. ఈ మూడు ముక్కలు రాయి. ఇంతకాలం సర్వీసు చేసి ఇది కూడా నేర్చుకోకపోతే ఎట్టా?"

ఆ మూడు ముక్కలే రాసి తీసుకెళ్ళాను. డివిజన్ ఇంజనీరు, డి.ఇ. గారు చదివి సంతృప్తి చెందారు. ఫైలు మూస్తూ ఒక మాట అన్నారు.

"ఇకమీదట కరెంటు సంగతులు అందులో పెట్టొద్దు. మిగతాది నువ్వు ఏం రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు."

నా రచనల్లో కరెంటు తప్ప మిగతాదేదీ ఎవరికీ అక్కర్లేదని ఆ విధంగా అధికారికంగా కూడా తేలిపోయింది. బయట ఏ.ఇ. మేడమ్ నిలబడి ఉంది. కోత వేళలు సెక్షన్ ఆఫీసు నుంచే రైతులందరికీ ఫోన్లకు మెసేజీలు పంపే ఏర్పాటు చేస్తున్నానంది. "సూటిగా, ఒకే వాక్యంలో" అని కూడా అంది. నన్ను అనలేదన్నట్టు పక్కకు చూస్తూ.

ఆ రోజు ఇంటికొచ్చి, ఆఫీసులో ఇవ్వని ఆ అసలు సంజాయిషీని బ్లాగులో పెట్టాను. కరెంటు వేళలు లేవు. ఇక ఉండవని కూడా రాయలేదు, ఉన్నదున్నట్టు ఆ కాగితమే ఎక్కించాను. వారం తిరిగేలోగా పాఠకులు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఇప్పుడు చూసే నలుగురైదుగురిలో నేనెంతమందినో నాకు తెలుసు. మూసేద్దామనుకున్నాను. అంతకంటే తెలివైన పని ఏదీ తోచలేదు కూడా.

ఒక మధ్యాహ్నం రైతు ఫోన్ చేశాడు. ఆ ముసురు రోజు తర్వాత మేం మాట్లాడుకోలేదు.

"సార్, నువ్వు ఆఫీసుకి రాసింది చదివినా. మొదట కరెంటు టైము కోసరం కిందకి జరిపినా. అడుగున ల్యా. మళ్ళా మధ్యలో దాచిపెట్టినావేమోనని పైనుంచి చదివినా. యాడా ల్యా. కానీ మొత్తం చదివినా సార్."

"ఊఁ" అన్నాను.

"గుంట కాడ నేనూ ఒక్కణ్ణే ఉంటా సార్. పగలంతా. నువ్వు రాసినట్టే ఏందేందో తోస్తాది. ఇంటికి పొయ్యి చెప్తే నవ్వతారు. దాంట్లో నేను కూడా రాయొచ్చా? డిగ్రీ ఉండాల్నా?"

మర్నాడు షిఫ్టు దిగి వెళ్ళాను. గుంట గట్టు మీద తాటాకు పాక. రెండో గుంట ఎండగట్టి ఉంది, అడుగు మట్టి నెర్రెలు విచ్చింది. మొదటిదానిలో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. మంచం మీద కూర్చుని అతని ఫోన్లో బ్లాగు తెరిచి పెట్టాను. పేరేం పెడదామని అడిగితే ఊరి పేరు పెట్టమన్నాడు. నా బ్లాగు పేరు తలుచుకుని తల వంచుకున్నాను.

ఒక వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. నేను దిద్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక ఫోన్ నాకు చూపించాడు.

"మా గుంట కాడికి రోజూ ఒక కొంగ వస్తాది. రొయ్యల్ని తింటాది, తోలాల. ఇయ్యాల రాయి తీసుకున్నా. తోలబుద్ది కాలా."

అంతే. దాని కింద ఏమీ లేదు.

"ఇది రాయొచ్చా సార్? ఇది ఒక సంగతేనా?"

"సంగతే."

అతను బొటనవేలు మీట మీద పెట్టి నొక్కకుండా ఆగాడు. చక్రాల చప్పుడులో గొంతు కొంచెం పెంచి అడిగాడు.

"ఎవరు చదవతారు సార్ దీన్ని?"

"నేను" అన్నాను.

నొక్కాడు. నేను జేబులోంచి నా ఫోన్ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, అప్పుడే నా కళ్ళముందు రాసినదాన్ని వెతికి తెరిచి, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాను. అతను పక్కన కూర్చుని, నేను ఎంతవరకు వచ్చానో చూస్తున్నాడు.